తొక్కు, పట్టుకో, వదులు

"నేత్రా, ఒక్కసారొచ్చి తొక్కు."

గ్రైండర్లో దోసెల పిండి ఇంకా నలగలేదు. నేత్రావతి దాన్ని అలాగే తిరగనిచ్చి, చేతులు కడుక్కుని, నైటీకి తుడుచుకుంటూ ఇంటిపక్కనున్న రేకుల షెడ్డులోకి నడిచింది. ఒక్కసారి అనేది గిరిధర్ నోట్లో ఊతపదం. ఒక్కసారి లైటు పట్టుకో, ఒక్కసారి ఈ బోల్టులు కిరసనాయిల్లో కడిగిపెట్టు, ఒక్కసారొచ్చి తొక్కు. ఆ ఒక్కసారికి పొద్దంతా పడుతుందని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. 'కాస్త సాయం కావాలి' అనే మాట అతని నోటివెంట రావడం కంటే తుప్పుపట్టిన బోల్టు ఊడి రావడమే సులువు.

షెడ్డులో ఎర్ర కారు వెనక చక్రాలు ఊడదీసుకుని స్టాండ్ల మీద కూర్చుని ఉంది. దాని పేరు ఎంజీ. బెంగళూరులో ఎంజీ అంటే ఎవరైనా ఎంజీ రోడ్డే అనుకుంటారు, ఈ కాలం పిల్లలైతే షోరూముల్లో కనబడే పెద్ద బండి అనుకుంటారు. ఇది ఆ రెండూ కాదు. అరవైల్లో ఇంగ్లండులో తయారై ఓడెక్కి వచ్చిన బుల్లి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. గుడ్డ కప్పు మడిచి వెనక్కి తోసేస్తే నెత్తిన ఆకాశమే. రేపు ఆదివారం పాత కార్ల క్లబ్బువాళ్ళ ర్యాలీ ఉంది. బ్రేకు మెత్తబడిందని గిరిధర్ పొద్దున్నే పని మొదలుపెట్టాడు.

బ్రేకు గొట్టాల్లో నూనెతోపాటు గాలి చేరితే పెడలు మెత్తబడుతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు డ్రైవరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని అక్కడున్న చిన్న నట్టు తిప్పాలి. గాలి బుడగలుగా బయటికొచ్చి నట్టు మళ్ళీ బిగిసేదాకా తొక్కినవాళ్ళు కాలు తీయకూడదు. తీశారా, బయటి గాలి మళ్ళీ లోపల దూరి, చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. నట్టు తిప్పేవాడు చెప్పాలి, తొక్కేవాళ్ళు వినాలి. అదీ పద్ధతి.

"తొక్కు," అన్నాడు గిరిధర్ కిందనుంచి. తొక్కింది.

"పట్టుకో." పట్టుకుంది.

"వదులు." వదిలింది.

ఈ మూడు మాటలూ ఇన్నేళ్ళుగా విని విని, గ్రైండరు ముందు నిలబడ్డా ఆమె కుడికాలు ఒక్కోసారి నేలను నొక్కిపెడుతుంది. చిత్రమేమిటంటే, ఆ డ్రైవరు సీట్లో ఆమె ఎన్నిసార్లు కూర్చుందో లెక్కేలేదు, కూర్చున్న ప్రతిసారీ బండికి చక్రాలు లేవు. చక్రాలు ఎక్కించగానే "ఇక దిగు" అంటాడు. ఆమె దిగుతుంది.

అసలు ఆ కారు ఆమెది. నాన్న వెంకటగిరియప్పకు బొమ్మనహళ్ళిలో గుజిరీ అంగడి ఉండేది, పాత ఇనుము కొని, కోసి, అమ్మేవాడు. ఎక్కడో ఒక పాత బంగళా పడగొడుతుంటే వెనక కొట్టంలో దొరికిందని ఈ కారును లారీలో వేయించుకొచ్చాడు. నేత్రావతి అప్పుడు ఆ దగ్గర్లోనే ఒక గార్మెంట్ యూనిట్లో పనిచేసేది. కొత్త డిజైను చొక్కా వస్తే ముందుగా ఒకటి కుట్టి చూపించాలి, ఆ శాంపిల్ సెక్షన్లో ఆమె చేతికి మంచి పేరు. సాయంత్రం ఇంటికొస్తూ చూస్తే గ్యాస్ కట్టరు పట్టుకుని కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు. పరుగున వెళ్ళి, స్ప్రింగులు బయటికొచ్చిన సీట్లో కూర్చుండిపోయింది.

"నాయనా, దీన్ని కోయద్దు."

"కోయకుండా ఏం చేసుకుంటావే? ఇంజన్ బిగుసుకోనుండాది. కింద తుప్పు తినేసుండాది."

"నడుపుతా."

ఆయన నవ్వి, "సరేలేప్పా, ఇది నా బిడ్డది, ఎవురూ ముట్టొద్దు," అని కుర్రాళ్ళను పంపేశాడు. కాగితాలు కూడా ఆమె పేరనే చేయించాడు. అప్పటికే జిగణి దగ్గర ఫ్యాక్టరీలు మూసుండే ఆదివారాలు ఖాళీ రోడ్ల మీద తన టెంపో ఇచ్చి ఆమెకు నడపడం నేర్పించి ఉన్నాడు. గేర్లు మార్చేటప్పుడు కూతురి చేతికేసి చూస్తూ మురిసిపోయేవాడు. ఆ తండ్రి ఇప్పుడు లేడు. లేకపోవడమే మేలేమో అని నేత్రావతికి ఈమధ్య అనిపిస్తోంది. ఉంటే, "నడుపుతాంటివే, నడిపితివా?" అని అడిగుండేవాడు.

గిరిధర్ పెళ్ళిచూపులకొచ్చి పెళ్ళికూతురి కంటే ముందు కారును చూశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒంగోలు వాళ్ళు, మాటలో సగం ఇంగ్లీషు. ప్యాంటు మోకాళ్ళకు మట్టంటుతుందని కూడా చూసుకోకుండా వంగి బండి కిందకు దూరిపోయాడు. అందరూ నవ్వారు. నేత్రావతి మాత్రం మనసు పారేసుకుంది. జడ నిండా పూలు చుట్టుకుని కూర్చున్న తనను చూసి మెచ్చుకునేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు, తుప్పుపట్టిన తన బండిని చూసి మెచ్చుకునేవాడు ఒక్కడే వచ్చాడు అనుకుంది. తనకు కావలసినదేదో అతనికి తెలిసిందనుకుంది. అతనికి తెలిసింది అతనికి కావలసినదని ఆ వయసులో ఎవరు చెప్పినా వినేది కాదు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఇదే షెడ్డులో తుప్పు గీకుతూ కూర్చున్నప్పుడు, "మన కారు రోడ్డెక్కిన రోజు ఫస్ట్ రౌండు నీదే, నేను పక్క సీట్లో కూర్చుంటా," అన్నాడు. ఆ రోజు అతనంటే ఆమెకు ప్రాణం.

"తొక్కు. పట్టుకో... ఇంకా బబుల్స్ వస్తున్నాయి, గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. పిక్క లాగుతోంది.

మన కారు అన్నవాడు కొన్నాళ్ళకు మా కారు అన్నాడు, ఆఫీసులో స్నేహితులతో. తర్వాత నా కారు అయింది. ఎప్పుడు మారిందో ఆమె పట్టుకోలేకపోయింది. అత్తగారు అలివేలుగారైతే మొదటినుంచీ "మావాడి కారు" అనే అంటుంది, కాగితం సంగతెత్తితే "పేరుదేముందమ్మాయ్, సంతకానికి" అని నవ్వేస్తుంది. కూతురు అక్షర పుట్టాక "మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గార్మెంట్స్‌కి పోవడం లేదు" అన్నదీ ఆవిడే. నేత్రావతి ఉద్యోగం మానేసింది. బరువైన కుట్టుమిషను ఒకటి షెడ్డులోకి చేరింది. రెండు సీట్లకూ మెరూన్ తోలు తొడిగి, చాళ్ళు చాళ్ళుగా కుట్టిందామె. పాత కప్పు చింపి, ముక్కలు విడదీసి, వాటిని బట్టి కొలతలు తీసుకుని, వాన చుక్క కారకుండా కొత్త కప్పు కుట్టింది. ఆ కప్పు ప్రతి వారం ఎక్కడో ఒకచోట కొలత తప్పింది. మూడుసార్లు విప్పి కుట్టింది. దాని గురించి గిరిధర్ అన్న మాట ఒక్కటే: "పర్లేదు, ఫిట్టయింది." అంతకుముందు ఆమె "కుట్టు ఇంకా కొంచెం ఉండాది" అంటే, "ఉండాది కాదు, ఉంది అను. అక్షర కూడా అదే నేర్చుకుంటోంది," అని సరిచేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె ఉంది అనే అంటోంది. నోట్లో అన్నం మెతుకు అడ్డుపడ్డట్టు, అనే ముందు ఒక క్షణం ఆగుతుంది.

ఇన్నేళ్ళకు, మొన్న ఆయుధపూజకు బండి మొదటిసారి రోడ్డెక్కింది. బెంగళూరులో ఆ రోజు పూజ చేయని బండి ఉండదు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ కట్టి, దిష్టికి బూడిద గుమ్మడికాయ తిప్పి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది కూడా నేత్రావతే. ఆ పూట కొత్త చీర కట్టుకుంది. కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం రాకుండా కొంచెం పైకి కట్టింది, పెడలు తొక్కడానికి. గిరిధర్ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సరే, గేటు దాటించి ఇస్తాడేమో అనుకుంది. అత్తగారు కర్పూరం కళ్ళకద్దుకుని వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

"గుడికెళ్ళొస్తాం. రెండే సీట్లు కదా అమ్మాయ్. నువ్వుంటే తిరిగొచ్చాక ఎర్రనీళ్ళు తిప్పి లోపలికి పిలవొచ్చు," అంది ఆవిడ, ఏదో మేలు చేస్తున్నట్టు.

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఏమిటో నేత్రావతికి అప్పుడు తెలిసింది. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు నాలుగుసార్లు విని, చీపురు తెచ్చి వాటిని ఊడ్చింది. తనకు మాటిచ్చిన సంగతి అతనికి గుర్తుందో లేదో ఆమె అడగలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత తలచుకుని తనమీద తనకే కోపమొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. పొయ్యిమీద పులిహోర తాలింపు ఉంటే ఏడుపు ఎవరికీ కనబడదు, అదొక సౌకర్యం.

పోయిన వారం క్లబ్బునుంచి పద్మనాభంగారని ఒక పెద్దాయన కారు చూడడానికొచ్చాడు. సీట్ల మీద వేళ్ళతో రాసి, కప్పు అంచు తిప్పి చూసి, "ఇంత పని ఎవరు చేశారండీ? ఇలాంటి చెయ్యి ఇప్పుడు దొరకడం లేదు," అన్నాడు. నేత్రావతి ఉప్మా ప్లేటు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. గుండె చిన్నపిల్లలా గెంతింది.

"బొమ్మనహళ్ళిలో ఒకరున్నారు లెండి," అన్నాడు గిరిధర్.

అబద్ధం కూడా కాదు, ఆమె పుట్టిల్లు బొమ్మనహళ్ళే. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. పద్మనాభంగారు ఫోన్ నంబరు అడిగితే, "వాళ్ళు బయటి పని చేయరు," అని నవ్వాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! ఆ నవ్వుకు జతగా నేత్రావతి కూడా ఎందుకు నవ్విందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. అతను దాచినందుకు కాదు, తను నవ్వినందుకు ఆ వారమంతా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి నవ్వులు ఎన్ని నవ్వుకుంటూ వచ్చిందో రాత్రంతా లెక్కపెట్టింది.

"అమ్మాయ్, కాఫీ సంగతేమైందే?" అత్తగారు ఇంట్లోంచి పిలిచింది. గ్రైండరు కూడా ఇంకా తిరుగుతూ గరగరమంటోంది.

గిరిధర్ చక్రం దగ్గరనుంచి తల ఎత్తకుండానే, "వెళ్ళు వెళ్ళు. అక్షరను పంపు. ఇంకొక్క సైడే ఉంది," అన్నాడు.

నేత్రావతి దిగింది. కుడికాలు తిమ్మిరెక్కి నేలమీద ఆనలేదు. కుంటుకుంటూ వెళ్ళి, ఇంటరు లాంటి పియుసి పుస్తకాల ముందు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న కూతురితో, "నాన్న పిలుస్తున్నాడు, పోయి తొక్కు," అంది. అలవాటుగా అనేసింది. ఆ మాట నోటినుంచి వచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

వంటింటి కిటికీ షెడ్డువైపే ఉంటుంది. డికాషన్ దిగుతోంది. గ్రైండరు ఆపి, పాలు పొయ్యిమీద పెట్టింది.

"తొక్కు," అన్నాడు గిరిధర్. "పట్టుకో."

"ఎంతసేపు?" అంది అక్షర.

నేత్రావతి చేతిలో గరిటె ఆగింది. పిల్ల కూర్చున్న మరుక్షణమే అడిగిన ప్రశ్న, తనకు ఇన్నేళ్ళలో ఎందుకు తోచలేదు?

"నేను చెప్పేదాకా."

కింద నట్టు దగ్గర స్పానరు జారినట్టుంది, గిరిధర్ ఏదో గొణుక్కున్నాడు.

"నాన్నా, కాలు నొస్తోంది."

"నోర్మూసుకుని పట్టుకో. రెండు నిమిషాలకే నొప్పా? మీ అమ్మ ఇన్నేళ్ళనుంచి తొక్కుతోంది. ఒక్కరోజైనా కాలు నొస్తోందని అన్నదా?"

పాలు పొంగి పొయ్యిమీద పడ్డాయి. నేత్రావతి చూస్తూ నిలబడింది. అనలేదు. నిజమే, ఒక్కరోజూ అనలేదు. ఓర్పనుకుంది, కాపురమనుకుంది, మంచితనమని నలుగురూ అంటే నమ్మింది. తాను అనకుండా మింగినవన్నీ ఎక్కడికీ పోలేదు. వరుసగా పేర్చిపెట్టి ఉన్నాయి, కూతురి నోరు మూయడానికి. నిమ్మకాయలు ఊడ్చినప్పుడు అనుండాల్సింది. ఉప్మా ప్లేటు పట్టుకున్నప్పుడు అనుండాల్సింది. ఎప్పుడో, ఇదే షెడ్డులో, మొదటిసారి పిక్క లాగినప్పుడే అనుండాల్సింది. పోయిన ఏళ్ళకు ఇప్పుడు ఏమీ చేయలేదు. కిటికీ అవతల మెరూన్ సీట్లో, తను కుట్టిన సీట్లో, పెదవి కొరుక్కుంటూ కూర్చున్న పిల్ల మాత్రం ఇంకా పెడలు వదల్లేదు.

పొయ్యి ఆర్పేసి షెడ్డులోకి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెప్పింది.

"అక్షరా, వదిలేయ్."

అక్షర తల్లి ముఖంలోకి చూసింది. కాలు తీసేసింది.

గొట్టంలో గుటక వేసినట్టు చిన్న చప్పుడైంది. గిరిధర్ కిందనుంచి అదాటున లేచి తల బండి అంచుకు గీరుకున్నాడు. "ఎవరు వదలమన్నారు నిన్ను?"

"నేను," అంది నేత్రావతి.

"నీకేమైనా మతి పోయిందా? గాలంతా లోపలికి పోయింది. రేపు ర్యాలీ పెట్టుకుని... మళ్ళీ మొదట్నించీ చేయాలి!"

నేత్రావతి వచ్చి, అక్షర చెయ్యి పట్టుకుని సీట్లోంచి దింపింది. గిరిధర్ చేతిలోని స్పానరు తీసుకుంది. అతను ఎందుకిచ్చాడో అతనికే తెలియలేదు. చక్రం దగ్గర గోనెపట్టా మీద కూర్చుని, చీకట్లోకి చెయ్యిపెట్టి ఆ చిన్న నట్టును వేళ్ళతో వెతుక్కుంది. దొరికింది. అప్పుడు తలెత్తి, ఒక్క క్షణమూ ఆగకుండా, తన ఇంటి మాటలోనే అంది.

"చేద్దాం, మొదట్నించే చేద్దాం. ఎక్కి తొక్కండి. బండి నా పేర్న ఉండాది. వదలమని నేను చెప్పేదాకా పట్టుకోండి."