సూర్యుడు అడ్డొచ్చిన పూట

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, టీవీ డాక్టరుని కళ్ళారా చూసి ఒక్క మాట అడగాలని పట్టుబట్టింది. ఆపరేషను ఆ కళ్ళకే. రెండింటిలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, ఇంక ఆలస్యం చేస్తే కష్టమని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఇదివరకు రెండుసార్లు రమ్మన్నారు. ఒకసారి జలుబు అన్నది, ఇంకోసారి వాన అన్నది. మూడోసారి రమ్మన్న రోజు దగ్గరపడింది.

"కొంచెం మసక, అంతే కదే. దానికి కత్తి పెట్టించుకోవాలా?" అని నా మీద లేచింది. "పొద్దున్నే టీవీలో వస్తాడే కళ్ళ డాక్టరు, ఆయన చేయించుకో అంటే చేయించుకుంటాను. లేకపోతే లేదు. ఈ ఆసుపత్రివాళ్ళకి మనిషి కనిపిస్తే చాలు, చెయ్యి దురద."

మా అమ్మాయి టీవీ చానెళ్ళని ఉపగ్రహానికి పంపించే కేంద్రంలో ఇంజనీరు. ఆ డాక్టరు వచ్చే చానెల్ కూడా అక్కణ్ణుంచే వెళ్తుందని తెలిసిన దగ్గర్నుంచి వదిన దాని ప్రాణం తోడేసింది. ఉద్యోగుల ఇంటివాళ్ళకి కేంద్రం చూపించే రోజు ఒకటి ఉంటుంది. ఈసారి అది ఆపరేషనుకి ముందురోజు పడింది.

"అత్తా, అక్కడ డాక్టరు ఉండడు" అని అమ్మాయి దారిపొడుగునా చెబుతూనే ఉంది.

"మీ దగ్గర్నుంచే కదే వస్తున్నాడు?"

"పంపేది మేము. తీసేది మేము కాదు."

"దగ్గర లేనిదాన్ని ఎలా పంపుతారే?"

ఈ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. నేను లోలోపల వదిన పక్షమే. లోపల ఎవరెవరు ఎదురుపడతారోనని ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని మరీ బయల్దేరాను.

ఊరి చివర గడ్డి నేలలో ఇంటి కప్పంత తెల్లటి గొడుగులు వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాయి. అన్నీ ఒకేవైపు చూడటం లేదు. దేనికది అలిగినట్టు మొహం తిప్పుకుంది. వానొస్తే వాటిలో నీళ్ళు నిలవ్వా అని అడిగాను. అడుగున కన్నం ఉంటుందమ్మా అన్నది అమ్మాయి. ఇంత గొప్ప యంత్రానికి కన్నమేమిటో నాకు అర్థం కాలేదు.

లోపల పొడుగాటి వసారా. మనుషుల అలికిడి లేదు. మేకప్పు వేసుకునే గది గాని, దీపాలు గాని, పరుగులు పెట్టేవాళ్ళు గాని ఎక్కడా లేరు.

"ఆ తలుపు మీద ఏం రాశారో చదువు మరదలా. నీకు అలవాటవుతుంది" అన్నది వదిన. నాకు చదువు ఈమధ్యనే వచ్చింది. వదిన చిన్నప్పుడే చదువుకుంది. కొన్నాళ్ళుగా పేపరు నుంచి మందు సీసా దాకా అన్నీ నాచేతే చదివిస్తోంది.

"అనుమతి లేనివారు లోపలికి రాకూడదు" అని కూడబలుక్కుని చదివాను.

"మనకుంది, నడువు" అన్నది.

ఆ తలుపు వెనక ఇనప బీరువాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒళ్ళు జలదరించే చలి. తుమ్మెదలు ముసిరినట్టు ఒకటే మోత. వదిన మెడ సాచి, "డాక్టరుగారూ!" అని ఒక కేక పెట్టింది. బీరువాల మీద పచ్చ దీపాలు మిణుకుమన్నాయే గాని ఎవరూ పలకలేదు.

"ఇదిగో అత్తా, నీ డాక్టరు వచ్చే చానెల్" అంటూ అమ్మాయి ఒక పెట్టె చూపించింది. తలగడంత ఉంది.

"ఇందులోనా!" అంటూ వదిన చెయ్యి పెట్టబోయింది.

"ముట్టుకోకు అత్తా! నా ఉద్యోగం ఊడుతుంది."

"ముట్టుకుంటే ఊడే ఉద్యోగమేమిటే?"

అక్కణ్ణుంచి ఇంకో గదికి తీసుకెళ్ళింది. గోడ నిండా టీవీలు. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క గోల. ఒకచోట వార్తలు, ఒకచోట ఏడుపు, ఒకచోట వంట. ఎటు చూడాలో తెలియక నేను నేలకేసి చూశాను. వాటి ముందు ఒకాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి, మీట నొక్కి ఆ కళ్ళ డాక్టరు గొంతు ఒక్కటే వినిపించేలా చేశాడు.

"అదిగో! ఆయనే!" అన్నది వదిన.

ఆయనే, కాని ఇద్దరున్నారు. చిన్న తెరలో ఒకడు, పెద్ద తెరలో ఒకడు. చిన్నతెరాయన చెయ్యి దించేసిన కాసేపటికి పెద్దతెరాయన చెయ్యి ఎత్తుతున్నాడు. మాట చిన్నతెరాయన పెదాలకి సరిపోతోంది. పెద్దతెరాయన వెనకబడ్డాడు.

"చిన్నది మనం పంపేది" అన్నది అమ్మాయి. "పెద్దది ఉపగ్రహం దాకా వెళ్ళి మళ్ళీ మన గొడుగులోకి దిగింది. సరిగ్గా వెళ్తోందో లేదో చూసుకోవడానికి."

"అయితే ఇద్దరిలో అసలాయన ఎవరు?" అని అడిగాను.

"అసలాయన ఇంట్లో టీ తాగుతుంటాడమ్మా" అన్నాడు కళ్ళజోడాయన. "ఇది పోయిన నెల తీసింది. పొద్దున వచ్చిందే ఇప్పుడు మళ్ళీ వేస్తున్నారు."

వదిన మొహం వాడిపోయింది. "మొన్న ఆ కార్యక్రమానికి ఫోను చేస్తే, మీ ప్రశ్న డాక్టరుగారికి చేరుతుందన్నారే?"

"చేరుతుందమ్మా. ఎప్పటికో."

"విన్నావా మరదలా? రేపు నేను రానని ఆసుపత్రికి చెప్పెయ్యి. ఆయన చెబితేనే అన్నాను. ఆయన చెప్పలేదు. అంతే."

అమ్మాయి నాకేసి చూసింది. నేను అమ్మాయికేసి చూశాను. ఎండనపడి ఇంత దూరం వచ్చింది ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండడానికా అనిపించింది. వచ్చినందుకు కనీసం తనివితీరా చూస్తానని వదిన పెద్ద తెర ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది.

అప్పుడు కళ్ళజోడాయన గడియారం చూసి, "సూర్యుడొచ్చే వేళయింది" అన్నాడు.

సూర్యుడు పొద్దున్నే వచ్చాడు కదా! నేను కిటికీ కోసం వెతికాను. ఆ గదికి కిటికీయే లేదు.

"ఏడాదిలో రెండుసార్లు, కొన్ని రోజులపాటు ఇలా అవుతుందమ్మా" అని అమ్మాయి నా చెవిలో చెప్పింది. "సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన హోరులో మన గొడుక్కి ఉపగ్రహం మాట వినిపించదు. కాసేపు పెద్ద తెర చెడుతుంది. ఆయన పక్కకి జరగ్గానే అదే బాగవుతుంది. మనం పంపే చిన్న తెరకి ఏమీ కాదు."

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అడిగేలోపే పెద్ద తెరలో డాక్టరు చెంప మీద ఒక పచ్చ గడి లేచింది. తరవాత మెడ పక్కకి జరిగింది. చూస్తుండగానే మనిషంతా తెల్లవీ నల్లవీ గళ్ళుగా చెదిరి, అతుకుల బొంతలా అలాగే బిగిసిపోయాడు. మొహమెక్కడో కోటెక్కడో తెలియదు. చిన్న తెరలో మాత్రం నిక్షేపంలా మాట్లాడుతున్నాడు. గొంతు గదంతా వినిపిస్తోంది.

వదిన పెద్ద తెరకేసే చూస్తోంది.

"చూశావుటే, ఎంత నెమ్మదిగా చెబుతున్నాడో" అన్నది. "నవ్వుతున్నాడు కూడాను. మొహంలో ఎంత కళ! ఇలాంటివాడు ఎదురుగా ఉండి నవ్వితే సగం రోగం పోదూ?"

కళ్ళజోడాయన నుదుటి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని ఆమెకేసి చూశాడు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేనేమో, తెర చెడిందా నా కళ్ళు చెడ్డాయా అని ఒక్క క్షణం తికమకపడ్డాను.

"ఏమిటే, అందరూ నోరు మూసుకున్నారు?" అన్నది వదిన తల తిప్పకుండానే.

నేను వెళ్ళి కుర్చీ పక్కన కూర్చున్నాను. "వదినా, నీకు ఆయన కనిపిస్తున్నాడా?"

"కనిపించక! ఇంత పెద్ద తెర."

"ఆ తెరలో ఎవరూ లేరు వదినా. బొమ్మ చెడిపోయింది. ఉత్త గళ్ళున్నాయి."

"మరి గొంతు?"

"అది పక్క తెరలోది."

ఆమె ముందుకి వంగింది. ఇంకా వంగింది. ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వెళ్ళింది. అలాగే ఉండి, "ఎంతసేపట్నుంచి?" అన్నది. కాసేపైందన్నాను. ఆ మాట అంటుండగానే గళ్ళన్నీ ఒక్కసారి సర్దుకుని డాక్టరు నిలువెత్తు మనిషై నిలబడ్డాడు.

"ఇప్పుడొచ్చాడు వదినా."

"ఇప్పుడా?" అన్నది. వెనక్కి జరిగి, ముందుకి వంగి, ఒక కన్ను మూసి, రెండోది మూసి చూసింది. "నాకేం తేడా తెలియడం లేదే" అన్నది మెల్లగా. టీవీ చూసిన అన్ని పొద్దుల్లోనూ తను చూసింది ఎవర్నో అప్పుడు లెక్క వేసుకుంటున్నట్టుంది.

కళ్ళజోడాయన మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. గ్లాసున్న చోటికి వదిన చెయ్యి సూటిగా వెళ్ళలేదు. అది కూడా నేను ఆరోజే చూశాను.

బయటికి వచ్చాం. ఎండ మామూలుగానే ఉంది. ఇంత అల్లరి చేసినవాడు ఏమీ ఎరగనట్టు నెత్తిమీద ఉన్నాడు. నాకు బుర్రంతా అయోమయంగానే ఉంది. మెట్ల దగ్గర వదిన నా మోచెయ్యి పట్టుకుంది. ఇదివరకు ఎప్పుడూ పట్టుకోలేదు.

"రేపు తిని రమ్మన్నారా, తినకుండా రమ్మన్నారా?" అని అడిగింది.

"గుర్తులేదు వదినా. ఇంటికెళ్ళి కాగితం చూసి చెబుతాను."

"సరిగ్గా చూసి చెప్పు. తిని వెళ్తే వెనక్కి పంపించేస్తారేమో" అన్నది.