గుల్జార్ బేగం నైజీరియా ప్రయాణం

మా అమ్మీ గుల్జార్ బేగం నైజీరియా వెళ్తానన్నప్పుడు తాండూరులో మావాళ్లెవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పక్క సందులో పెళ్లికి కూడా వెళ్లని మనిషి సముద్రం దాటుతుందంటే ఎవరు నమ్ముతారు?

ఉద్యోగం వచ్చింది నాకు. అది అరవై మూడో సంవత్సరం. నేను వికారాబాదులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. రోజూ పొద్దున తాండూరులో రైలెక్కి ధారూరు మీదుగా వెళ్లి, సాయంత్రం వచ్చేదాన్ని. ఆ ఏడు నైజీరియా బడులకు టీచర్లు కావాలని పేపర్లో ప్రకటన పడితే, హైదరాబాదు వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారు. వద్దన్నాక వెళ్తే పెద్దల మాట వినలేదంటారు. అడగకుండా వెళ్తే పొగరని మాత్రమే అంటారు. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

జూలైలో అక్కడి బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ దేశానికి ఉత్తరాన చిన్న ఊరు. ఉండటానికి రెండు గదుల ఇల్లు ఇస్తారట. వానలు తగ్గాక, అక్టోబరు చివర బయలుదేరమని, వానాకాలంలో తమ ఊరికి రోడ్డు ఉండదని రాశారు. ఆ రోజు మా కాగ్నా నది పొంగి బషీరాబాద్ బస్సులు నిలిచిపోయి ఉన్నాయి. నేను ఉత్తరం చదివి చెబితే అమ్మీ నవ్వింది.

"మన తీర్గనే ఉన్నది" అంది. కాసేపు బియ్యంలో రాళ్లు ఏరి, తల ఎత్తకుండానే అంది: "నేను గూడ వస్త."

మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ. కానీ అమ్మీ బషీరాబాద్ దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. గట్టిగా చెప్పాల్సిన మాట ఏదైనా ఆమెకు తెలుగులోనే వస్తుంది. ఆమె తెలుగులోకి దిగితే ఇంక ఎవరూ దక్కనీ మాట్లాడరు. ఆ ఏడు మా ఇంట్లో తెలుగే ఎక్కువ వినిపించింది.

మర్నాటి నుంచి ప్రయాణం పనులు మొదలయ్యాయి. నేను బడి నుంచి అట్లాసు తెచ్చాను. అమ్మీ తాండూరు మీద బొటనవేలు, నైజీరియా మీద చిటికెనవేలు పెట్టి చూసి, "గింతేనా?" అంది. నేను అవునన్నాను. అక్కడ కందిపప్పు దొరుకుతుందా, ఆడవాళ్లు ఏం కట్టుకుంటారు, పిల్లలకు నువ్వు చెప్పే లెక్కలు ఏ భాషలో అర్థమవుతాయి అని ఒకటే ప్రశ్నలు. వానలు పోయాక అక్కడ ఎడారి గాలి వీస్తుందని, రాత్రిళ్లు చలి పెడుతుందని ఉత్తరంలో ఉంది. దాంతో గొంగళ్లు అమ్మే బీరమ్మకు కబురు వెళ్లింది. బీరమ్మ వాళ్లు గొర్రెలు కాసేవాళ్లు. వానలు వెలిస్తే మందను తోలుకుని ఊళ్లకు ఊళ్లు దాటి వెళ్తారు.

"ఏ దేశం పోతున్నవ్ బీబమ్మా?" అంది బీరమ్మ గొంగళి విప్పి పరుస్తూ.

"నైజీరియా."

"గాడ గొర్లుంటయా?"

"మస్తుంటయంట."

"ఇగ ఫికరేంది మరి" అని బీరమ్మ గొంగళి మడిచి ఇచ్చేసింది. మా అమ్మీ ప్రయాణాన్ని మొదట నమ్మిన మనిషి ఆమే.

మిగతావాళ్లు ఎందుకు నమ్మలేదో చెప్పాలి. మా అబ్బా మునీర్ నాపరాళ్ల గనుల్లో మేస్త్రీ. పోలీసు యాక్షన్ రోజుల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, పని మీద షాబాద్ వెళ్లి సాయంత్రానికి వస్తానని రైలెక్కాడు. రాలేదు. శవం దొరకలేదు, కబురూ రాలేదు. ఆయన పోయాడని ఎవరూ అనలేదు. ఉన్నాడని చెప్పడానికీ ఎవరి దగ్గరా ఏమీ లేదు. అమ్మీ మెడలో పెళ్లినాటి లచ్చా అలాగే ఉండిపోయింది. నల్లపూసల గొలుసు అది. భర్త పోతే తీసేస్తారు.

మా పెళ్లిళ్లలో పెళ్లికూతురికి గంధం పూయడానికి సుహాగన్లను, అంటే భర్త ఉన్న ఆడవాళ్లను పిలుస్తారు. మరి అమ్మీని పిలవాలా వద్దా? పిలిస్తే ఏ కీడు జరుగుతుందోనని భయం. పిలవకపోతే మునీర్ చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టు. ఈ తలనొప్పి ఎందుకని మావాళ్లు అసలు పెళ్లి కబురే పంపడం మానేశారు. పైగా అది అమ్మీ మీద జాలి అనుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఆగస్టులో ఒక శుక్రవారం పెద్దలు మా ఇంటికి వచ్చారు. రాళ్లకు నునుపు పట్టించే కార్ఖానా నడిపే లతీఫ్ చాచా, మా అబ్బాకు తమ్ముడు. వాళ్లిద్దరికీ అక్క అయిన అమీనాబీ ఫుప్పు. తోడుగా మా మొహల్లా పెద్ద వలీ సాబ్. నేను రాత్రంతా జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆడపిల్ల ఒంటరిగా పోవచ్చునా అంటే ఇది, పెళ్లి ఎప్పుడంటే అది. చాచా చాయ్ తాగి కప్పు కింద పెట్టి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"సైరా పోనీ. సదువుకున్న పిల్ల. బొంబాయి దాక నేనే దించొస్త. గని భాభీ పోవద్దు."

నా జవాబులన్నీ గంగలో కలిశాయి.

"అమ్మీ ఎందుకు పోవద్దు?" అన్నాను.

"రేపు భాయ్ వస్తే ఇంట్ల ఎవరుండాలె?"

వలీ సాబ్ మంచివాడు, మెల్లగా మాట్లాడతాడు. మునీర్ బతికి ఉంటే భార్య అంత దూరం పోవడానికి ఆయన ఇజాజత్, అంటే అనుమతి, కావాలన్నాడు. బతికి లేకపోతే ముందు ఇద్దత్ కూర్చోవాలన్నాడు. ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడది ఇల్లు దాటకుండా ఉండే కాలం, నాలుగు నెలల పది రోజులు. అప్పుడు కూర్చుంటే అక్టోబరు దాటి డిసెంబరు కూడా అయిపోతుంది.

తలుపు పరదా వెనక కూర్చున్న అమ్మీ వైపు తిరిగి ఫుప్పు అంది: "దుల్హన్, నా మాటిను. లచ్చా తీసెయ్. ఇద్దత్ కూసో. ఎనుక ఏడికన్న పో." అత్తింటివాళ్లు అమ్మీని ఇప్పటికీ దుల్హన్ అనే పిలుస్తారు, పెళ్లికూతురని.

చాచా ఎగిరిపడ్డాడు. "లచ్చా తీస్తే భాయ్ చచ్చిపోయినట్టే గదా ఆపా! నీ నోటికెట్లొచ్చింది?"

"బతికుంటే పదిహేనేండ్లు రాకుంటుంటడా?"

"వస్తడు. నాకెరుకే, వస్తడు."

ఇక అక్కా తమ్ముడూ అందుకున్నారు. వలీ సాబ్ ఇద్దరినీ ఊరుకోబెట్టబోయి తానూ వాదనలో పడ్డాడు. పరదా వెనక ఒక మనిషి ఉందన్న సంగతే మరిచిపోయి ముగ్గురూ మా అబ్బాను చంపుతూ, బతికిస్తూ కూర్చున్నారు. నేను అరవబోయాను. అంతలో అమ్మీ పరదా పక్కకు లాగి, తలమీద కొంగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వలీ సాబ్ తల దించుకున్నాడు.

"వలీ సాబ్, ఇద్దత్ ఎన్ని దినాలన్నరు?"

"నాలుగు నెలల పది దినాలు బేటీ."

"అల్లా పెట్టింది గంతే. వీళ్లు నన్ను పదిహేనేండ్లు కూసోబెట్టిన్రు. లచ్చా మెడల ఉండంగనే కూసోబెట్టిన్రు. ఇంకా కూసోమంటున్రు."

అమ్మీ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాళ్లకు కాస్త సులువయ్యేది, ఆడదానికి కోపం ఎక్కువని అనేసి లేచిపోయేవాళ్లు.

"ఇజాజత్ కావాల్నా? లతీఫ్ మియా, పోయి తే. షాబాద్ ఎంత దూరం? పొద్దుగాల రైలెక్కితే మాపటికి రావచ్చు. నేను గడప దాటొద్దన్నరు, దాటలే. నువ్వు మొగోనివి. ఎన్నడన్న పోయి అడిగినవా?"

"అప్పుడు దినాలు మంచిగ లేకుండె దుల్హన్" అంది ఫుప్పు.

"ఆ ఏడు లేకుండె. ఎనుక ఏమైంది? ఒక్కనాడన్న పోయిండా? పోతే ఆయన లేడని తెలుస్తదని పోలే. నేను గీడ కూసుంటేనే ఆయన బతికున్నట్టు మీకు. నా బతుకు తీసి ఆయనకు పెట్టిన్రు."

చాచా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు జాలి వేసింది, ఆ జాలి మీద నాకే కోపమూ వచ్చింది. ఫుప్పు ఒక్కతే ఓడిపోలేదు.

"మరి లచ్చా?" అంది.

"నా మెడ, నా లచ్చా ఆపా. తీస్తనో ఉంచుకుంటనో నైజీరియాల ఆలోచన చేస్త."

వలీ సాబ్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేను చెప్పేది చెప్పిన బేటీ. నీ హిసాబు అల్లాకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

"చెప్పుకుంట" అంది అమ్మీ.

ఆ తరువాత రెండు నెలలు చాచా మా గడప తొక్కలేదు. అమ్మీ మాత్రం పాస్‌పోర్టు ఫోటో కోసం బజారుకు వచ్చింది. పదిహేనేళ్ల తరువాత పట్టపగలు బజారులో నడిచింది. మావాళ్ల దుకాణాల ముందు మాటలు ఆగిపోయాయి. నేను తల వంచుకుని గబగబా నడుస్తుంటే అమ్మీ నా మోచెయ్యి పట్టి ఆపింది. "మెల్లగ పోదాం. ఎవరి సొమ్మన్న ఎత్కపోతున్నమా?" అని బజారు ఆ కొసదాకా అన్ని దుకాణాలూ చూసుకుంటూ నడిచింది. ఫోటో దిగేటప్పుడు నవ్వొద్దని ఫోటోగ్రాఫర్ మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అక్టోబరు చివరికి వానలు పూర్తిగా వెలిశాయి. చేలలో కంది పసుప్పచ్చగా పూసింది. మేము బొంబాయి రైలు కోసం తాండూరు స్టేషన్లో నిలబడి ఉండగా చాచా వచ్చాడు. మాతో ఒక్క మాట మాట్లాడకుండా పెట్టెలు మోసుకొచ్చి సీట్ల కింద సర్దాడు. దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గార్డు ఈల వేశాడు.

"భాభీ" అన్నాడు. "భాయ్ వస్తే ఏం చెప్పాలె?"

ఇంకా అదే మాటా అని నాకు మండుకొచ్చింది. నేను నోరు తెరిచేలోగా అమ్మీ నా తొడ మీద చెయ్యి వేసి నొక్కింది. ఆమె చాచాను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. రైలు కదిలింది. చాచా కిటికీ ఊచ పట్టుకుని పక్కనే నడవసాగాడు.

"నైజీరియాల ఉన్నదని చెప్పు" అంది అమ్మీ. "పదిహేనేండ్లు నేను కూసోని చూసిన. నేను గావాల్నంటే ఇగ ఆయననే ఎతుక్కుంట రమ్మను."