కమలమ్మాళ్ తోకలు

'బరువు' అన్న పేరుకు తోక తగిలించి, కమలమ్మాళ్ భూతద్దం పక్కన పెట్టి కళ్లు నులుముకుంది. తమిళనాట కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి కొట్టు మీది మేడలో ఆఫీసు. బెల్లం పాకం వాసన కంప్యూటర్ల దాకా వస్తుంది. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకందవు. పదేళ్లుగా విరుదునగర్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఆమె చేసేది ఒక్కటే పని: జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలో ప్రతి పేరుకూ ఇది అంకె, ఇది అక్షరాలు అని తోక రాయడం. తీరా పంపే ముందు, ప్రోగ్రాంను సిద్ధం చేసే కంపైలర్ ఆ తోకలన్నీ కోసేస్తుంది. ఆమె రాసిందేదీ ఆఫీసు గుమ్మం దాటదు. ఎంత పిచ్చి ఉద్యోగమో చూడండి! ఆమెకు మాత్రం అదంటే ప్రాణం.

చక్కెర జబ్బు చూపును తినేస్తోంది. ఉద్యోగంలో ఈరోజే ఆఖరు.

యజమాని జెబకుమార్ కొత్త కంపైలర్ తెచ్చాడు. పాతది తోకలు చదివి, తప్పుంటే చూపించి, ఆపైన కోసేది. ఇది చదవకుండానే చిటికెలో కోసేస్తుంది. మూడింటికల్లా పిల్లల ఆసుపత్రికి మందు మోతాదు లెక్కకట్టే ప్రోగ్రాం పంపాలి. బయట తమిళమే మాట్లాడే ఆ ఇద్దరూ తమలో తాము ఇంటి తెలుగే మాట్లాడుకుంటారు.

"ఎట్లయినా కోసేసేదే కదక్కా. సదివేది దేనికి?"

"బిడ్డల మందు తంబీ ఇది. ఒకతూరి సదవాల."

పట్టుబట్టి పాతదానితో చదివించింది. తెరమీద ఎర్రగీత పడింది. నర్సు టైపు కొట్టే బిడ్డ బరువు అంకెగా కాక అక్షరాలుగా వస్తోంది.

"ఐదు కిలోల బిడ్డ ఒక కిలో పెరిగితే ఎంత?"

"ఆరు."

"ఇది ఐదు పక్కన ఒకటి పెట్టి యాబైఒకటి అంటుండాది."

"అయ్యో ఏసప్పా!" జెబకుమార్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ మోతాదు పడితే ఏ బిడ్డా బతకదు.

ఆమె సరిదిద్ది, మళ్లీ చదివించింది. ఎర్రగీత పోయాకే తోకలు కోయనిచ్చింది.

సాయంత్రం టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుని, "పోయొస్తా తంబీ" అని మెట్లు దిగింది.

మర్నాడు మరో ప్రోగ్రాం పంపాలి. కొత్త కంపైలర్ మీద నొక్కబోతూ అతను ఆమె బల్ల వైపు చూశాడు. భూతద్దం అక్కడే ఉంది, కింద ఒక చీటీ. ఆమెకు తెలుగు రాయడం రాదు, ఇంటి మాటనే తమిళ అక్షరాల్లో రాసిపెట్టింది: "కోసే ముందర సదువు తంబీ."

అతను పాతదాన్ని తెరిచాడు. అది చదువుతున్నంతసేపూ భూతద్దం కింద 'సదువు' అన్న మాట లావుగా కనిపిస్తూనే ఉంది.