అంటించే అంచు

"ఇక నీకు రెస్టు," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా తొడుక్కుంటూ. "ఆఫీసుకి కటింగ్ మెషిన్ కొంటున్నాం. నువ్వే వెళ్ళి చూసి మంచిదేదో చెప్పు. ఆ కాగితాల గొడవ నీకు తెలుసుగా."

"చూశావా అమ్మాయ్, వాడికి నీమీద ఎంత దయో," అంది అత్తగారు పక్కగదిలోంచి. "మా రోజుల్లో మొగుళ్ళు ఇలా రెస్టులివ్వడం ఎరుగుదుమా?"

ఆమె బ్లేడు తెగిన బొటనవేలి ప్లాస్టరు ఊడుతుంటే నొక్కి పెట్టుకుంది. భర్త ఆర్కిటెక్టు. ఆయన గీసిన ప్రతి భవనానికీ కాగితంతో చిన్న నమూనా చేసేది ఆమె. పదకొండేళ్ళుగా, వంటయ్యాక, అదే బల్ల మీద చేతిబ్లేడుతో గోరంత కిటికీలు కోసి, అగ్గిపుల్లంత మెట్లు మడిచి. అవి చూశాకే బిల్డర్లు సరేననేవారు. పోయిన నెల ఇంటికొచ్చిన బిల్డరు ఒక నమూనాని అటూ ఇటూ తిప్పి, "ఎవరు చేశారండీ? ఎంత ఓపిక," అన్నాడు. "మా ఆఫీసులో చేయిస్తుంటాం," అన్నాడు భర్త. అప్పుడామె వాళ్ళ మధ్యనే కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. బిల్డరు వెళ్ళాక ఆమె అడిగితే, "పెళ్ళాం చేసిందంటే పరువేముంటుంది? పిల్లల బొమ్మలనుకుంటారు," అని నవ్వాడు.

మెషిన్ల దుకాణంలో పనిచేసే పిల్ల ఆమె వేలు చూసి, అడగకుండానే స్టూలు జరిపింది. "కూర్చోండక్కా. తీరిగ్గా చూసుకోండి." ఆ రెండు ముక్కలకే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంటినుంచి తెచ్చుకున్న అట్టముక్కలు బయటికి తీసింది. మొదటి మెషిన్ ముద్దుగా ఉంది గానీ మందపాటి అట్టని సగం లోతు కోసి ఊరుకుంది. రెండోది వేగంగా కోసింది, కిటికీల మూలలన్నీ పీకేసింది. ఇదే తీసుకుంటేనో, అనిపించింది. బిల్డరు ముందు చిరుగుల కిటికీలతో భర్త ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటే కడుపు చల్లబడింది. అంతలోనే ఆయన మాట కూడా వినబడింది: ఆడదాన్ని పంపితే ఇంతే.

మూడోది వెంట్రుకంత సన్నటి కిటికీ చువ్వని కూడా తెగకుండా నిలబెట్టింది.

"మంచి మెషిన్ కానీ సొంత తెలివి లేదక్కా," అంది ఆ పిల్ల. "గీసిన గీతే కోస్తుంది. అంటించే అంచులు కూడా మనమే గీసివ్వాలి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. భర్త గీతల్లో గోడలుంటాయి, తలుపులుంటాయి. గోడ పక్కన మడిచి జిగురు రాసే ఆ సన్నటి అంచు ఆయన ఏనాడూ గీయలేదు. అలాంటిదొకటుంటుందనే తెలియదు. ప్రతిసారీ ఆమే పెన్సిలుతో కలుపుకునేది. ఇంట్లో ఉప్పు ఎప్పుడయిపోతుందో, ఎవరు తెచ్చి డబ్బాలో పోస్తారో తెలియనట్టే ఇదీ.

చెప్పాలా? పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారైనా పక్కన కూర్చుని ఉంటే చెప్పక్కర్లేకపోయేది.

"ఇదే ఖాయం చెయ్యమ్మా," అంది. తప్పు మెషిన్ మీదికి తోసెయ్యడానికి ఒక్క వంక కూడా దొరకకూడదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఇలాంటిదే ఇంకొకటి మా ఇంటికి పంపు. బిల్లు నా పేరున రాయి."

బిల్డరు రావలసిన రోజు పొద్దున్న ఆమె తన మెషిన్ ముందు కూర్చుని, వీధి చివరి లైబ్రరీ వాళ్ళడిగిన నమూనాకి గోడలు కోస్తోంది. అన్నిటికీ అంచులున్నాయి. "రెస్టు తీసుకోమంటే మళ్ళీ అదే పనా," అని అత్తగారు గొణుగుతుండగా ఫోను మోగింది.

"గోడలు నిలబడట్లేదు," అన్నాడు భర్త. "మూలలు అతుక్కోవట్లేదు. ఆయన అరగంటలో వచ్చేస్తాడు."

"కోత ఎక్కడైనా చిరిగిందా?"

"లేదు. అద్దంలా కోసింది."

"అయితే మంచి మెషినే చెప్పానన్నమాట."

"వెటకారాలు తర్వాత. ముందు బయల్దేరి రా."

"నేనొస్తే పరువేముంటుందండీ? పిల్లల బొమ్మలనుకుంటారు."

అవతల గొంతు బాగా తగ్గింది. "ఆయనొస్తే నేనేం చెప్పను?"

ఆమె కోసిన గోడని వెలుతురుకి ఎత్తి చూసింది. కిటికీలన్నింట్లోంచి ఎండ వచ్చింది.

"మీ ఆఫీసులో చేసే మనిషి మానేసిందని చెప్పండి."