ఎవరి మాట వాళ్లకి

సాయంత్రం మ్యాచ్ ఉందంటే, నిచ్చెన మధ్యాహ్నం భోంచేసి కుడి మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, ఆడబోయే వాళ్ల పేర్లు పైకి చదువుకుంటాడు. నోరు తిరగని పేరేదైనా ఉంటే బట్టలు ఆరేస్తూ కూడా దాన్నే నములుతుంటాడు. ఆరయ్యేసరికి బాస్కెట్‌బాల్ స్టేడియంలో, కోర్టు పైనున్న అద్దాల గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు.

నిచ్చెన అని బడిలో పిలిచారు, అదే ఉండిపోయింది. కుర్చీ ఎక్కకుండా బల్బు మార్చే పిల్లాడు ఇంకేమవుతాడని డ్రిల్లు మాస్టారు బంతి చేతికిచ్చారు. పెద్ద జట్టులోకి వెళ్లాక, బుట్టకి తగిలి వెనక్కొచ్చే బంతిని అందరికంటే పైన అందుకోవడం అతని పనైంది. ఒక ఫైనల్లో అలాగే ఎగిరి, ఎవరి పాదం మీదో దిగాడు. మోకాలు ఎటు తిరిగిందో అతనికీ తెలీలేదు.

నడక మళ్లీ నేర్పింది ఆస్పత్రిలోని ఫిజియోథెరపిస్టు. "ఏడుస్తావా, నడుస్తావా? రెండూ ఒకేసారి కుదరవు," అందావిడ. నడిచాడు. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఆట మాత్రం తిరిగి రాలేదు. కాస్త గంభీరమైన గొంతు కదా అని టీవీవాళ్లు వ్యాఖ్యానానికి పిలిచారు.

మొదటి మ్యాచ్ చెప్పిన మర్నాడే మందుల షాపతను రోడ్డు మీద ఆపాడు.

"థాంక్స్ అన్నా. స్కూటర్ బ్రేకులు చూపించమన్నావు. చూపిస్తే వైరు తెగడానికి సిద్ధంగా ఉందట!"

"నేనన్నానా?"

"నువ్వే. రెండో క్వార్టర్‌లో."

ఇంటికొస్తే పక్కింటి బామ్మగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "కళ్లజోడు సోఫా సందులో ఉందని భలే చెప్పావు నాయనా!"

నిచ్చెన వెంటనే స్టేడియానికి వెళ్లి సౌండ్ చూసే కుర్రాణ్ణి రికార్డింగ్ వేయమన్నాడు. మొదలు నుంచి చివరిదాకా బంతి గోలే తప్ప బ్రేకుల్లేవు, కళ్లజోళ్లు లేవు.

"రికార్డులో ఎందుకుంటాయన్నా? ఎవరి మాట వాళ్లకే కదా వినబడేది," అన్నాడు కుర్రాడు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

ఊళ్లో అందరూ అంతే తేలిగ్గా తీసుకున్నారు. బంతాటంటే గిట్టనివాళ్లు కూడా ఆ టైముకి టీవీ పెట్టేవాళ్లు. మా తమ్ముడితో మాట్లాడమని చెప్పడానికి నువ్వెవడివని ఒకాయన బస్సులో గొడవేసుకుని, దిగేముందు, "మాట్లాడాన్లే," అని గొణిగాడు. ఏం మాట్లాడాడో, తనేం చెప్పాడో నిచ్చెనకి అంతుపట్టేది కాదు. మెచ్చుకున్నా తిట్టినా తల ఊపేవాడు.

ఒక్క భార్యకి మాత్రం ఏమీ వినబడేది కాదు.

"ఊరందరికీ చెప్తావు. నాకు స్కోరు తప్ప ముక్క వినబడదు," అనేది.

ఆ ఏడు ఆమెకి వేరే ఊరి ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. ఆటల్లో దెబ్బలు తగిలిన పిల్లల కోసం ఒక విభాగం పెడుతున్నారు, నడపడానికి ఆమె కావాలన్నారు. ఎన్నాళ్లుగానో ఆమె కోరుకుంటున్న పని.

"చూద్దాం," అన్నాడు నిచ్చెన.

"ఎప్పుడు?"

"సీజన్ అవనీ."

"సీజన్ అయ్యాక ఇంకో సీజన్ వస్తుంది."

మర్నాటి మ్యాచ్‌లో, మాటల మధ్య, భార్యని తల్చుకుని "ఉండిపో, ఎక్కడికీ కదలకు" అని గట్టిగా అనేశాడు. ఇంటికి రాగానే అడిగాడు.

"వినబడిందా?"

"ఊరందరికీ వినబడింది. డిఫెన్స్ గురించేమో అనుకున్నారు," అందామె, గిన్నెలు సర్దుతూ.

తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. గడువు దగ్గరపడ్డాక ఒక రోజు సూట్‌కేస్ తీసింది. "అంత గౌరవంగా పిలిచినవాళ్లకి ఫోన్లో కాదనడం బాగుండదు. వెళ్లి, రాలేనని చెప్పి వచ్చేస్తాను." సూట్‌కేస్ ఆటోలో పెడుతుంటే నిచ్చెనకి గుండె మీంచి బండ దించినట్టయింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసింది. సంతోషించాలో సిగ్గుపడాలో తేలక, ఆటో మలుపు తిరిగినా రోడ్డు మీదే నిలబడ్డాడు.

సాయంత్రం హుషారుగానే మ్యాచ్ చెప్పాడు. అయిపోయి హెడ్‌ఫోన్లు తీస్తుండగా ఫోన్ మోగింది.

"ఆ ఉద్యోగంలో చేరిపోతున్నాను!" అంది భార్య. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "దారిలో బస్సు ఆగితే, బస్టాండ్ టీవీలో విన్నాను. మూడో క్వార్టర్‌లో, ఆ పొట్టివాడు దూరం నుంచి బుట్టలో వేశాడే, అప్పుడు. చేరిపో, ఇంక నాకోసం ఆగకు, అన్నావు. ఇన్నాళ్లకి నాతో కూడా మాట్లాడావు."

కాదు, నేనలా అనలేదు అనబోయాడు. తన నోరే, తన గొంతే. తన మనసు మాత్రం ఎప్పుడూ అనని మాట. ఒకవేళ అన్నదేమో, తనకే వినబడలేదేమో.

"ఇంకేమైనా అన్నానా?"

"అన్నావుగా. శనివారానికల్లా నువ్వూ వచ్చేస్తానన్నావు. అక్కడే ఉండిపోతానన్నావు." అవతల బస్సు స్టార్టయిన చప్పుడు. ఆమె గొంతు తగ్గింది. "ఏం, రావా?"

నిచ్చెన అద్దంలోంచి కిందికి చూశాడు. కోర్టు తుడుస్తున్నారు. శనివారం సెమీఫైనల్.

"అన్నాను కదా," అన్నాడు. "వస్తాను."

ఫోన్ పెట్టేసి హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టాడు. సౌండ్ కుర్రాడు వైర్లు చుడుతున్నాడు. వాడితో ఎలా చెప్పాలో తెలీక రెండుసార్లు దగ్గాడు.

"శనివారం నుంచి నేను..."

"నీ బదులు ఇంకొకాయన్ని మాట్లాడి పెట్టానన్నా. పోయిన మ్యాచ్‌లోనే చెప్పావుగా."

నిచ్చెన వాడికేసి వెర్రిగా చూశాడు. "అప్పుడేనా? నీకింకా ఏం చెప్పాను?"

"అది నాకు చెప్పిన మాటలే," అని కుర్రాడు సిగ్గుపడి, లైటు ఆర్పడానికి లేచాడు.