తిమ్మమ్మ దొంగతనం

మగపువ్వు రేకులను వెనక్కి మడిచి, పుప్పొడి అంటుకున్న నడిమి కాడను బయటికి తీసి, తిమ్మమ్మ దాన్ని ఎర్ర కాగితం గుర్తున్న ఆడపువ్వు కొసకు మెల్లగా రాసింది. ఒక్క మగపువ్వుతో నాలుగైదు ఆడపూలకు అద్దాలి. అద్దాక తర్వాతి చెట్టుకు జరగాలి. ఏళ్ల తరబడి చేస్తున్న పని కాబట్టి కాళ్లు వాటంతట అవే సాలు వెంట నడుస్తాయి, వేళ్లు వాటంతట అవే పువ్వును వెతుక్కుంటాయి. మనసుకు ఇందులో పనేమీ ఉండదు. అది రోజూ ఎక్కడెక్కడో తిరిగి మధ్యాహ్నం బువ్వ వేళకు వచ్చేస్తుంది. ఇవాళ మాత్రం ఎక్కడికీ పోనని మొండికేసింది. తిమ్మమ్మ గుండె పొద్దుటి నుంచి దడదడ కొట్టుకుంటూనే ఉంది.

సంగతి ఏమిటంటే, ఇవాళ ఆమె కుర్చీలో కూర్చుంది.

ఆ చేను ధరూర్ దాటాక కృష్ణ వైపు పోయే దారిలో ఉంటుంది. కౌలుకు తీసుకుని విత్తన పత్తి వేసినవాడు శ్రవణ్ కుమార్. ఊరి ఆడవాళ్లు ముప్పై మంది దాకా అక్కడ పనికి వస్తారు. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తగిలించి ఇళ్లకు పోతారు. తెల్లవారి వచ్చి, వేరే మడిలో ఉన్న మగ చెట్ల పూలు కోసి, మోటరు కొట్టం నీడలో తడిగోనె మీద పరుస్తారు. పొద్దెక్కి పుప్పొడి విచ్చుకోగానే తలా ఇన్ని పంచుకుని సాళ్లలోకి దిగుతారు. ఎండ ముదిరేలోగా అద్దడం అయిపోవాలి. పుప్పొడి అందని పువ్వు కాయ కట్టదు, రాలిపోతుంది.

వారం రోజులుగా మగపూలు చాలడం లేదు. సగం సాళ్లు మిగిలి ఉండగానే గోనె ఖాళీ అవుతోంది. ఎర్ర కాగితాలు పెట్టిన పూలు ఎవరూ ముట్టకుండానే ఎండిపోతున్నాయి. శ్రవణ్ కుమార్ కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి. విత్తనాల కంపెనీ మనిషి వచ్చి చూస్తే ఏం చెప్పాలో అతనికి తెలియడం లేదు. అందుకే పొద్దున్నే తిమ్మమ్మను ఒక్కదాన్నే కొట్టం వెనక్కి పిలిచాడు.

"కూసో," అన్నాడు ప్లాస్టిక్ కుర్చీ చూపించి.

తిమ్మమ్మ తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది.

"నిన్నే. కూసో."

కూర్చుంది. కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా.

"మగపూలు ఎవరో ఎత్కవోతున్నరు తిమ్మమ్మా. నాకు ఎరుకే. ఎవరని అడిగితే ఒక్కరు నోరు తెరుస్త లేరు. నువ్వు చెప్పాలె. నువ్వు అందరి నడుమ ఉంటవ్. ఉన్నవని ఎవరికీ సోయి ఉండదు. నీ ముందల అన్నీ మాట్లాడ్తరు, అన్నీ చేస్తరు."

"నాకేం తెల్వదు సారూ."

"జర ఆలోచించు. మద్దిలేటికి ఇగ చాత కాదు. పేరు చెప్పినవనుకో, రేపటి సంది మేస్త్రివి నువ్వే. ఎవరూ చెప్పకుంటే మాత్రం మీ ఊరోల్లు ఒక్కరు గూడ నా చేన్ల అడుగు పెట్టొద్దు. వనపర్తి దిక్కుకెల్లి కూలోల్లను తోల్కొస్త. కొద్దిసేపైనంక అందర్ని పిలుస్త. అప్పుడు చెప్పు."

మేస్త్రి! ఆ మాట విన్నప్పటి నుంచి తిమ్మమ్మ మనిషి మనిషిలా లేదు. మేస్త్రి అంటే ఆటోలో డ్రైవరు పక్కన కూర్చోవడం. వెనక ముప్పై మంది ఒకరి ఒళ్లో ఒకరు కుక్కుకుని కూర్చుంటే ముందు కాళ్లు చాపుకుని గాలి తగిలించుకోవడం. తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి "ఏయ్, లేవుండ్రి" అని అరవడం. సాలు వెంట నడుస్తూ తిమ్మమ్మ ఆ మాటను పెదాల లోపలే ఒకసారి అరిచి చూసుకుంది. గొంతు బాగానే ఉంటుందనిపించింది.

అరవడం ఆమె ఎప్పుడూ చేయలేదు. వీపనగండ్లలో ఐదుగురు అక్కచెల్లెళ్ల మధ్య పుట్టింది. పెద్దదానివని ఎవరూ గౌరవించలేదు, చిన్నదానివని ఎవరూ ముద్దు చేయలేదు. పెళ్లయ్యాక భర్త బక్కయ్యతో పుణె పోయి పదేళ్లు మట్టి మోసింది. అక్కడే కామెర్లు వచ్చి బక్కయ్య పోయాడు. ఒక్కతే తిరిగొచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఇచ్చిన బిడ్డకు ఫోన్ చేస్తే అల్లుడు ఎత్తి ప్రతిసారీ "ఎవరు?" అని అడుగుతాడు. ఊళ్లో ఏ పెళ్లి ఫోటోలో చూసినా ఆమె మోచేయో, కొంగో కనిపిస్తుంది తప్ప ముఖం కనిపించదు. నిరుడు గద్వాల సంతకు అందరూ కలిసి పోతే, ఆమెను ఎక్కించుకోకుండానే ఆటో వెనక్కి వచ్చేసింది. బస్సెక్కి పొద్దుగూకే వేళకు ఊరు చేరితే, ఎక్కడికి పోయావని అడిగిన మనిషి లేడు.

అలాంటి తిమ్మమ్మకు దొంగ ఎవరో తెలుసు.

మూడు రోజుల కిందట మగ చెట్ల మడిలో చూసింది. రజిత రెండు గుప్పిళ్లు కోసి బుట్టలో వేస్తోంది. మూడో గుప్పెడు నడుము దగ్గర చీర మడతలోకి పోతోంది. పూలు నలగకుండా రేకులు పైకి ఉండేలా పేర్చి, మడత బిగించి, పైన కొంగు జార్చుకుంటుంది. తర్వాత మూత్రానికన్నట్టు కాలువ గట్టు దాటి వెళ్లి వస్తుంది. గట్టు అవతల రజిత వాళ్ల అరెకరం ఉంది. అందులోనూ ఇదే కంపెనీ విత్తన పత్తే. వానలకు నీళ్లు నిలిచి వాళ్ల మగ చెట్లన్నీ కుళ్లిపోయాయి. ఆడ చెట్లు మాత్రం నిండుగా పూత మీద ఉన్నాయి. రజిత భర్త ఇస్రాయేలు బండి మీది నుంచి పడి, కాలులో రాడ్ వేయించుకుని మంచం మీద ఉన్నాడు. మగపూలు దొరక్కపోతే ఆ అరెకరం నుంచి ఇంటికి వచ్చేవి ఆకులూ కట్టెలే.

రజిత మీద తిమ్మమ్మకు ప్రేమేమీ కారిపోవడం లేదు. దాని నోరు పెద్దది. మంచి సాలు కనబడితే ముందు తనే దూరుతుంది. పైగా దొంగతనం దొంగతనమే. ఒక్కదాని కోసం ముప్పై మంది పని పోగొట్టుకోవాలా? తిమ్మమ్మ ఈ ప్రశ్న పొద్దుటి నుంచి వేసుకుంటోంది. వేసుకున్న ప్రతిసారీ న్యాయం తన వైపే ఉందని తేలుతోంది. ఆ ఉత్సాహంలో వేళ్లు ఇంకా చురుగ్గా కదులుతున్నాయి.

కానీ సారు అన్న మాట ఒకటి లోపల ఎక్కడో కొంచెం గుచ్చుతోంది. ఉన్నావని ఎవరికీ సోయి ఉండదు. కుర్చీలో కూర్చున్నప్పుడు అది మెచ్చుకోలులాగే వినిపించింది. సాలు సగానికి వచ్చేసరికి అలా వినిపించడం మానేసింది.

"అత్తా."

పక్క సాలులో రజిత. ముఖం చెట్టు వైపే ఉంది. చేతులు ఆగలేదు.

"సారు నిన్ను కుర్సీల కూసోవెట్టిండంట."

తిమ్మమ్మ చేతిలోని పువ్వును తర్వాతి ఆడపువ్వుకు అద్దింది.

"నువ్వు చూసినవని నాకెరుకే. మొన్న మడిల నన్ను చూసి తల దించుకున్నవ్. రోజు తలకు నూనె వెట్టి నున్నగ దువ్వుకొని వచ్చేదానివి. మూడు దినాల సంది తల గట్లనే రేగి ఉంది. నా యవ్వారం అత్తను తింటుంది అనుకున్న."

తిమ్మమ్మ చేయి దానంతట అదే తల మీదికి పోయింది. నిజమే, నూనె లేదు. అద్దంలో తనకే కనిపించని సంగతి ఇది. ఆమె తలకు నూనె ఉందో లేదో ఇన్నేళ్లలో ఏ మనిషీ చూడలేదు, కట్టుకున్నవాడితో సహా.

"చెప్పకుంటే అందరి పని పోతది రజితా."

"అవు, పోతది," అంది రజిత. "నువ్వు చెప్పినా నేనేమనుకోను అత్తా. ఇంకో వారం అద్దితే మా చేను గట్టెక్కుతుండె. గంతే."

ఏడవలేదు. బతిమాలలేదు. తన చేతిలో మిగిలిన మగపూలలోంచి రెండు తీసి తిమ్మమ్మ సాలు వైపు చాచింది. తిమ్మమ్మ దగ్గర అయిపోవడం కూడా చూసిందన్నమాట! తిమ్మమ్మ చేయి చాచింది. పూలు తీసుకుంది.

అప్పుడే కొట్టం దగ్గర నుంచి ఈల వినిపించింది.

అందరూ సాళ్లలోంచి బయటికి వచ్చారు. పొద్దు బాగా ఎక్కింది. గోనె మీద ఆఖరి మగపూలు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి అంచులు వాడడం మొదలైంది. మేస్త్రి మద్దిలేటి తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతుల్లో నలుపుతూ, "సారూ, టైం పోతుంది, పూలు ఖరాబైతయ్. మాటలు బువ్వ కాడ పెట్టుకుందం," అన్నాడు.

"నువ్వు నోరు మూస్కో!" అని కసిరాడు శ్రవణ్ కుమార్. "ఇయ్యాల తేలాలె. ఎవరు ఎత్కవోతున్నరో చెప్పుండ్రి. చెప్పకుంటే ఇదే ఆఖరి దినం. తర్వాత నన్ను అనొద్దు."

ఆడవాళ్లు నేల చూపులు చూశారు. రజిత మాత్రం తలెత్తి నిలబడింది, దెబ్బ ఎటు నుంచి వచ్చినా పడతానన్నట్టు. శ్రవణ్ కుమార్ చూపు తిమ్మమ్మ మీదికి వచ్చి ఆగింది. ఊఁ అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

తిమ్మమ్మ ముందుకు వచ్చింది. ముప్పై మంది ముఖాలు ఒక్కసారిగా తన వైపు తిరిగాయి. అబ్బ, ఎంత బాగుందో! ఇంతమంది తనను చూడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"చెప్పు తిమ్మమ్మా, భయపడకు. ఎవరు?"

"నేనే," అంది తిమ్మమ్మ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసలో ఒకామె కిసుక్కుమంది. ఇంకొకామె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి శ్రవణ్ కుమార్ కూడా నవ్వాడు.

"నువ్వా? నువ్వు దొంగతనం చేస్తవా?"

"ఆమెతోని ఏమైతది సారూ," అన్నాడు మద్దిలేటి జాలిగా. "ఎవరి చెంబన్నా దొరికితే ఇల్లిల్లు తిరిగి అడుగుతది."

తిమ్మమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏ మంచికీ తనను లెక్కలోకి తీసుకోలేదు, సరే. చెడ్డకు కూడా పనికిరానంటే ఎలా?

"ఎందుకు గాదు?" అని అరిచింది. లోపల అరిచి చూసుకున్న గొంతే అది. నిజంగానే బాగుంది. "నాకు చేతుల్లేవా? చీర లేదా? వారం సంది మీ కండ్ల ముంగటనే ఎత్కవోయిన. ఒక్కరన్నా చూసిన్రా?"

"ఎత్కవోయి ఏం జేసినవ్?"

"అమ్ముకున్న!"

"ఎవరికి?"

"ఎవరికైతే మీకెందుకు? దొంగలు గవన్నీ చెప్తరా?"

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. శ్రవణ్ కుమార్ నమ్మాలా వద్దా అన్నట్టు మద్దిలేటి వైపు చూశాడు. "ఊకె చెప్తుంది," అని తనే గొణిగాడు. "చేసిన మొకమేనా ఇది?"

"చూస్తరా, ఎట్ల చేసిన్నో?" అంటూ తిమ్మమ్మ గోనె దగ్గరికి పోయి వంగింది.

మగపూలను గుప్పెడు గుప్పెడుగా తీసింది. నడుము దగ్గర చీర మడత వదులు చేసి, రేకులు పైకి ఉండేలా ఒక్కో వరుస పేర్చింది. నలిగితే పుప్పొడి చెడిపోతుంది కదా, అందుకే ఎక్కడా తొందరపడలేదు. గోనె మీద ఒక్క పువ్వు మిగల్లేదు. మడత బిగించి, కొంగు దాని మీదికి జార్చి, లేచి నిలబడి అందరి ముందు ఒక చుట్టు తిరిగింది.

"ఏడున్నయ్ పూలు? చూపియ్యుండ్రి!"

ఎక్కడా లేవు. ఎదురుగా నిలబడి పెట్టడం చూసిన వాళ్లకే కనిపించలేదు. శ్రవణ్ కుమార్ ముఖంలో నవ్వు పోయింది. ఇంత నేర్పు చేయనివాళ్లకు రాదు. నమ్మేశాడు. నమ్మగానే కోపం నషాళానికి ఎక్కింది.

"నడువ్! మళ్ల ఈ చేన్ల కనిపిస్తే మంచిగుండదు. నడువ్ ఈడికెల్లి!"

"పోత సారూ," అంది తిమ్మమ్మ వినయంగా. "పనైతే ఆపొద్దు. ఆల్లందర్ని రానియ్యాలె. దొంగ దొరికింది గద."

వెళ్లిపోతూ రజిత పక్క నుంచే నడిచింది. ఆమె వైపు చూడలేదు. రజిత చేయి కొంచెం ముందుకు వచ్చి, మళ్లీ కొంగు పట్టుకుని ఆగిపోయింది. మిగతావాళ్లు దారి ఇచ్చారు. కాలువ గట్టు మీదికి ఎక్కేసరికి తిమ్మమ్మకు గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, కానీ అది భయం కాదు, పట్టలేని సంతోషం. రేపటి కూలి లేదు. ఈ సీజనంతా ఏ చేలోనూ రానివ్వరు. తిమ్మమ్మ దొంగ అని సాయంత్రానికల్లా ఊరంతా అంటుంది. అననీ! ఊరంతా ఆమె పేరు పలకడం ఒక్కసారైనా జరగనీ. రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, పూలు కదలకుండా వట్టి కాళ్లతో చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఆమె గట్టు అవతలి అరెకరం వైపు దిగిపోయింది.

కాసేపటికి మద్దిలేటి మిగిలిన సాళ్లకు పూలు పంచుదామని గోనె దగ్గరికి వచ్చాడు. ఖాళీ గోనెను చూశాడు. గట్టు వైపు చూశాడు. దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

సాయంత్రం మొగ్గలు ఒలవడం అయ్యాక ఆడవాళ్లు చేను బయటికి వచ్చారు. సాళ్లలోకి దిగేముందు అందరూ చేని అంచున గనిమ గట్టు మీద విడిచిన చెప్పులు వేసుకుని ఒక్కొక్కరే ఆటో ఎక్కారు. శ్రవణ్ కుమార్ ఆటో దగ్గరికి వస్తూ ఆగాడు. గనిమ మీద ఇంకా ఒక జత ఉంది.

"ఇవెవరివి?" అని అడిగాడు.

అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. రజిత ఆటో చువ్వను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అరే, ఇవెవరివని అడుగుతున్న గద!"

డ్రైవరు పక్కన కూర్చున్న మద్దిలేటి, "నడువ్ బిడ్డా, పొద్దువోయింది," అన్నాడు డ్రైవరుతో. ఆటో కదిలింది.

గనిమ మీద ఆ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. నీలం రంగు హవాయి చెప్పులు, మడమల దగ్గర కాగితమంత పలచగా అరిగినవి, ఎడమదాని తెగిన పట్టీకి ఎర్ర దారంతో వేసిన ముడి ఇంకా కొత్తగానే ఉంది.