ఎడమచేతి దీవెన

అంజినప్పకు యాభై దాటాయి గానీ రోషం మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. ధర్మవరం పట్టుచీరల కొంగులకు గ్రాఫు కాగితం మీద బొమ్మలు గీయడం ఆయన వృత్తి. రెండువేల రెండులో ఊళ్లోకి కంప్యూటర్లు దిగి ఆ పని కాస్తా ఎగరేసుకుపోతుంటే, "అదేమన్నా దయ్యమా? నేనూ నేర్చుకుంటా" అంటూ త్రివేణి నడిపే కంప్యూటర్ అంగడికి పోయి కూర్చున్నాడు.

చీరల వ్యాపారి రాజేంద్ర ఒక పెళ్లిచీర పని అప్పగించి తెగేసి చెప్పాడు. "ఇది కుదిరితే ఇకముందు పనంతా నీకే అన్నా. కుదరకపోతే వేరేవాళ్లను చూసుకుంటా. ఏమనుకోవద్దు."

అంజినప్ప సీతారాముల బొమ్మ వేశాడు. నేతగాడు ఎర్రన్న మచ్చుకు కొంగు కొంత నేసి, తిప్పి చూపించాడు. అయ్యో రామా! రాముడు ఎడమచేత్తో దీవిస్తున్నాడు.

తప్పెక్కడ జరిగిందో అంజినప్పకు వెంటనే తెలిసిపోయింది. మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. అందుకని కుడి ఎడమలు మార్చి గీయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. కంప్యూటరే మారుస్తుందని త్రివేణి చెప్పింది, చెయ్యి వింటేనా! పని నేర్చుకునే రోజుల్లో మార్చడం మరిచిపోయి లక్ష్మీదేవికి ఇదే గతి పట్టించాడు. గురువు పాపన్నకు మొహం చూపించలేక నల్లమాడలో మేనత్త ఇంటికి పారిపోయాడు. ఇప్పుడేమో మార్చడం మానలేక చెడింది.

"పోనీలే అన్నా, మడతల్లో ఎవురు చూస్తారు? ఎర్రన్న ఇట్లే నేసేస్తాడులే. నువ్వింక ఇంటికాడ కూసో" అన్నాడు రాజేంద్ర.

ఆ మాటతో అంజినప్పకు ఒళ్లు మండింది. "ఏమప్పా, పెండ్లికూతురికి ఎడమచేతి దీవెన కట్టబెడతావా? తప్పు చేసింది నేను, దిద్దేదీ నేనే. ఎర్రన్నా, కోసెయ్ దాన్ని!"

నేరుగా త్రివేణి దగ్గరికి పోయాడు. "అమ్మా, మళ్లా మొదట్నుంచి చూపించు. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తా."

పాత అలవాటుకొద్దీ చెయ్యి ఎడమకు లాగినప్పుడల్లా "యాడికి పోతాండావే?" అని దాన్నే తిట్టాడు. త్రివేణి నవ్వు ఆపుకోలేకపోయింది.

కొత్త కొంగు దిగింది. రాముడి కుడిచెయ్యి నిండుగా లేచి ఉంది. రాజేంద్ర దాన్ని వెలుగులోకి పట్టి చాలాసేపు చూశాడు.

"ఇది నీ పనేనా అన్నా, కంప్యూటర్‌దా?"

"పలక మారిందప్పా, చెయ్యి నాదే. ఈసారి నేను యాడికీ పారిపోలే. ఇంకో చీర ఏందో చెప్పు."